తప్పు జవాబు ఎందుకు తప్పో చెప్పని గైడు నాకొద్దు

మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ పరీక్ష) రాద్దామనుకుని, ఏ గైడు కొనాలో చెప్పమని టీమ్ గ్రూపులో అడిగింది. సాయంత్రానికల్లా సలహాలు కుప్పపడ్డాయి. ఒకాయన లావుపాటి పుస్తకం పేరు చెప్పాడు. ఇంకొకరు పుస్తకాలు దండగ, వీడియోలు చూడమన్నారు. మరొకరు ఒక పీడీఎఫ్ పెట్టి, "ఇది బట్టీ కొట్టు, చాలు" అన్నారు. ఆ పీడీఎఫ్ సంగతి తర్వాత చెప్తాను. ఇవన్నీ చదివాక ఆ అమ్మాయి నాకు విడిగా మెసేజ్ పెట్టింది: "అక్కా, వీటిలో ఏది ఈజీగా ఉంటుంది?"

అడగడంలో తప్పేం లేదు. ఉద్యోగం చేసుకుంటూ రాత్రిపూట చదివే మనిషికి వెయ్యి పేజీల పుస్తకం చూస్తేనే టెన్షన్. కానీ "ఈజీగా" అన్న దగ్గరే నాకు పేచీ ఉంది. సులువుగా చదివించే గైడు చేతిలో ఉంటే పేజీలు చకచకా తిరుగుతాయి, అంతా అర్థమైనట్టే ఉంటుంది. ఆ నమ్మకంతోనే పరీక్షకు వెళ్లి, నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపించే ప్రశ్న ముందు కూర్చుండిపోతాం.

నేను గైడు చూసే పద్ధతి వేరు. ముందు పాఠాలు తెరవను. అధ్యాయం చివర్లో ఉన్న ప్రశ్నల దగ్గరికి వెళ్లి, వాటి జవాబుల వివరణ చదువుతాను. "జవాబు: సి" అని ఊరుకుందా, లేక ఏ, బీ, డీ ఎందుకు కావో కూడా రాసిందా? మొదటి రకమైతే దానికి ఎంత పేరున్నా పక్కన పెట్టేస్తాను. ఇదేదో చాదస్తం అని మా టీమ్‌లో ఇద్దరు ముగ్గురు నవ్వారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడు దారులు, ఒక ప్యాకెట్

ఒక రూటర్ రూటింగ్ టేబుల్లో, అంటే ఏ గమ్యానికి ఎటు పంపాలో రాసుకున్న పట్టికలో, మూడు దారులున్నాయనుకోండి. 10.0.0.0/8 కి స్టాటిక్ రూట్, అంటే మనం చేత్తో రాసినది. 10.1.0.0/16 కి ఓఎస్‌పీఎఫ్ (రూటర్లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రొటోకాల్) నేర్పిన రూట్. 10.1.1.0/24 కి రిప్ అనే అలాంటిదే ఇంకో ప్రొటోకాల్ నేర్పిన రూట్. ఇప్పుడు 10.1.1.5 కి వెళ్లాల్సిన ప్యాకెట్ వచ్చింది. ఏ దారిన వెళ్తుంది?

అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (దారి చెప్పిన మూలాన్ని ఎంత నమ్మాలో చెప్పే అంకె) పట్టికను కంఠతా పట్టిన మనిషి తడుముకోకుండా "స్టాటిక్" అంటాడు. స్టాటిక్‌కి 1, ఓఎస్‌పీఎఫ్‌కి 110, రిప్‌కి 120, తక్కువ ఉన్నదే గెలుస్తుంది కదా అని. పట్టిక సరైనదే, జవాబే తప్పు. ప్యాకెట్ వెళ్లేది రిప్ చూపించిన దారిన. రూటర్ ప్యాకెట్‌ని పంపేటప్పుడు ముందు చూసేది గమ్యానికి అన్నిటికంటే పొడవుగా సరిపోయే ప్రిఫిక్స్‌ని, అంటే అడ్రస్ మొదటి భాగాన్ని; గీత తర్వాతి అంకే దాని పొడవు. /24 మిగతా రెంటికంటే పొడవు, అక్కడితో లెక్క తేలిపోయింది. ఒకే నెట్‌వర్క్‌ని, ఒకే మాస్క్‌తో (అంటే ఒకే ప్రిఫిక్స్ పొడవుతో), రెండు వేర్వేరు ప్రొటోకాల్స్ చెప్పినప్పుడు ఎవరి మాట టేబుల్లోకి ఎక్కాలో తేల్చడానికే అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్. ఒకే ప్రొటోకాల్ రెండు దారులు చూపిస్తే వాటి మధ్య తగువు తీర్చేది మెట్రిక్, అంటే ఆ దారి ఖర్చు లెక్క. ఈ మూడూ మూడు వేర్వేరు సందర్భాల్లో వచ్చే ప్రశ్నలు.

ఇలాంటి పరీక్షల్లో తప్పు ఆప్షన్లు ఊరికే నింపినవి కావు. ప్రతి తప్పు ఆప్షనూ పక్కనున్న ఇంకో ప్రశ్నకి సరైన జవాబు. మూడు రూట్లూ ఒకే నెట్‌వర్క్‌కి, ఒకే మాస్క్‌తో ఉంటే స్టాటిక్ అన్నదే రైటు. కాబట్టి "జవాబు: రిప్. కారణం: లాంగెస్ట్ ప్రిఫిక్స్ మ్యాచ్" అని ఒక్క ముక్క రాసి వదిలేసిన గైడు నాకు నాలుగో వంతు పాఠమే చెప్పినట్టు. స్టాటిక్ ఎప్పుడు జవాబు అవుతుందో, ఇక్కడ ఎందుకు కాలేదో కూడా రాస్తే, ఒక్క ప్రశ్నలో అధ్యాయమంతా మళ్లీ చదివినట్టవుతుంది.

ఓఎస్‌పీఎఫ్ దగ్గర ఇంకా తమాషాగా ఉంటుంది. పొరుగు రూటర్‌తో సంబంధం టూ-వే (రెండూ ఒకదాన్నొకటి గుర్తించిన) స్థితిలో ఆగిపోయింది, సమస్య ఏమిటి అని ప్రశ్న. హలో టైమర్లు (పలకరింపు సందేశాల మధ్య వ్యవధి) కలవలేదు, ఏరియా నంబర్లు (నెట్‌వర్క్‌ని విడగొట్టిన భాగాల నంబర్లు) తేడా, ఎంటీయూ (ఒక్కసారి పంపగల ప్యాకెట్ గరిష్ఠ సైజు) తేడా, అసలు సమస్యే లేదు అని ఆప్షన్లు. చాలా చిన్న గైడ్లలో "ఫుల్ స్థితికి వస్తే అంతా బాగున్నట్టు" అని ఒక వాక్యం ఉంటుంది, ఫుల్ అంటే రెండు రూటర్ల సమాచారం పూర్తిగా కలిసిన స్థితి. అది చదివినవాళ్లు "సమస్యే లేదు" అన్న ఆప్షన్ వైపు చూడను కూడా చూడరు. కానీ ఈథర్నెట్ లాంటి నెట్‌వర్క్‌లో డీఆర్ (అందరి తరఫున సమాచారం పంచే రూటర్) గానీ బీడీఆర్ (దానికి బదులు నిలిచేది) గానీ కాని రెండు రూటర్లు ఒకదానితో ఒకటి టూ-వే దగ్గరే ఆగడం మామూలే. టైమర్లైనా ఏరియా అయినా కలవకపోతే అసలు అంత దూరం రానే రావు. ఎంటీయూ తేడా అయితే టూ-వే తర్వాత వచ్చే ఎక్స్‌స్టార్ట్ లేదా ఎక్స్ఛేంజ్ స్థితుల దగ్గర ఇరుక్కుంటాయి. ఒక్కో తప్పు జవాబుకీ రూటర్‌లో ఒక్కో లక్షణం కనిపిస్తుంది. ఉద్యోగంలో అర్ధరాత్రి ఫోన్ మోగినప్పుడు పనికొచ్చేవి సరిగ్గా ఈ లక్షణాలే. అవి చెప్పని గైడు పరీక్షకే కాదు, ఆ ఫోన్ కాల్‌కి కూడా ఉపయోగపడదు.

సిలబస్‌లోని క్రియలు

గైడు మీద "పూర్తి సిలబస్ కవరైంది" అని రాసి ఉంటే నాకు పెద్దగా నమ్మకం కలగదు. కవరైందా అన్నది ఒక ప్రశ్న, ఎంత లోతున కవరైందన్నది ఇంకోటి. సిస్కో తన వెబ్‌సైట్‌లో పరీక్షాంశాల జాబితాని ఉచితంగానే పెడుతుంది. 200-301 (ఇది సీసీఎన్‌ఏ కోడ్ నంబరు) పరీక్షలో నెట్‌వర్క్ ఫండమెంటల్స్ 20 శాతం, నెట్‌వర్క్ యాక్సెస్ 20, ఐపీ కనెక్టివిటీ 25, ఐపీ సర్వీసెస్ 10, సెక్యూరిటీ 15, ఆటొమేషన్ 10. ఈ అంకెలు అందరూ చూస్తారు. అదే జాబితాలో ప్రతి అంశం ముందూ ఒక క్రియ ఉంటుంది. దాన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ.

సింగిల్ ఏరియా ఓఎస్‌పీఎఫ్ దగ్గర "కాన్ఫిగర్ చేసి సరిచూడాలి" అని ఉంటుంది. గేట్‌వే పడిపోతే ఇంకో రూటర్ అందుకునే ఫస్ట్ హాప్ రిడండెన్సీ దగ్గర "వివరించాలి" అని మాత్రమే ఉంటుంది. రూటింగ్ టేబుల్ దగ్గర "చదివి అర్థం చెప్పాలి". ఆ చివరి రకానికి కమాండ్ టైప్ చేయడం రాకపోయినా ఫరవాలేదు, తెర మీద వచ్చిన పాతిక లైన్లలో ఏది ఏమిటో తెలియాలి. మంచి గైడు ఈ తేడా పాటిస్తుంది. చదివి అర్థం చెప్పాల్సిన చోట మీ ముందు పాతిక లైన్లూ పడేసి ప్రశ్న అడుగుతుంది. చెడ్డ గైడు అన్నిటికీ ఒకే మూస వాడుతుంది: నిర్వచనం, బొమ్మ, నాలుగు కమాండ్లు, అయిదు ప్రశ్నలు.

కాబట్టి గైడు ముందుమాట కంటే ముందు ఆ జాబితా చదవడం మంచిది. పైసా ఖర్చు లేదు. అందులో మీకు వచ్చినవి టిక్కు పెట్టుకుంటే, మిగిలినవాటికి ఎలాంటి గైడు కావాలో దానంతటదే తేలుతుంది.

పాత గైడుల విషయం కూడా ఇక్కడే. అన్నయ్య చదివినదో, సీనియర్ ఇచ్చినదో ఒక పాత పుస్తకం ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. సీసీఎన్‌ఏ అన్న పేరు 1998 నుంచీ మారలేదు, లోపలున్న పరీక్ష మాత్రం చాలాసార్లు మారింది. ఇప్పుడున్న 200-301 అన్నది 2020 ఫిబ్రవరి 24న మొదలైంది. అప్పుడు ఈఐజీఆర్‌పీ అనే రూటింగ్ ప్రొటోకాల్ పోయి ఆటొమేషన్ వచ్చింది. అదే నంబరు మీద 2024 ఆగస్టు 20 నుంచి 1.1 వెర్షన్ నడుస్తోంది. ఆటొమేషన్ టూల్స్‌లో పపెట్, షెఫ్ పోయి టెర్రాఫార్మ్ వచ్చింది, జెనరేటివ్ ఏఐ ప్రస్తావన చేరింది. కవర్ మీద నంబరు ఒకటే కనుక కొనేటప్పుడు ఈ రెండో తేదీ దగ్గరే జనం పొరపడతారు.

అలాగని పాత పుస్తకం చింపేయమనను. సబ్‌నెట్టింగ్ (నెట్‌వర్క్‌ని ముక్కలు చేయడం) మారలేదు, ఏఆర్‌పీ (ఐపీ అడ్రస్‌కి హార్డ్‌వేర్ అడ్రస్ కనుక్కోవడం) మారలేదు. డేటా సరిగా చేరేలా చూసే టీసీపీ మూల పత్రం 1981లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ ప్రమాణాల పత్రం) 793, దాని స్థానంలో 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9293 వచ్చింది. అయినా మూడు దశల కరచాలనం (త్రీ-వే హ్యాండ్‌షేక్) ఆనాటిదే. పాత గైడులో వివరణలు బాగుంటే ఆ అధ్యాయాల వరకూ దాన్నే చదవండి. కొత్తగా చేరినవాటికి మాత్రం కొత్తది చూడండి. మొత్తం పరీక్షలో ఈసారి మారింది చిన్న ముక్కే.

ఎదురు వాదనలు

ఇంతా చెప్పాక నన్ను నిజంగా ఆలోచనలో పడేసిన ప్రశ్న ఒకటుంది. మా టీమ్‌లోనే ఒకాయన అడిగాడు. "మేడమ్, అసలు వీలాన్ (ఒకే స్విచ్‌లో విడదీసిన నెట్‌వర్క్) అంటే ఏమిటో తెలియని మనిషికి మీ వివరణలు ఏం అర్థమవుతాయి? బీ ఎందుకు తప్పో చెప్పడానికి ఇంకో మూడు కొత్త మాటలు వాడతారు. వాడు అక్కడే పుస్తకం మూసేస్తాడు."

నిజమే. ఓనమాలు రానివాళ్లకి వివరణల బరువు మోయడం కష్టం. ఐపీ అడ్రస్, మాస్క్, స్విచ్‌కీ రూటర్‌కీ తేడా కూడా కొత్తే అయితే, ముందు ఏదైనా సన్నటి పుస్తకమో ఉచిత వీడియోల వరుసో చూడటమే నయం. అక్కడ "ఈజీగా ఉందా" అన్నది సరైన కొలతే. నేను ఒప్పుకోనిది ఆ సన్నటి పుస్తకంతోనే పరీక్ష హాలుకి వెళ్లడం. దాని పని భయం పోగొట్టడం, అంతవరకే.

ఇంకో ఎదురు ఉదాహరణ నా కళ్ల ముందే ఉంది. నాతో పనిచేసిన ఒకామె ఏ గైడూ సాంతం చదవకుండానే పాసైంది. ఆమె చదివింది ఆటొమేషన్ భాగం, వైర్‌లెస్ భాగం, అంతే. మిగతాది ఏళ్ల తరబడి స్విచ్‌లతో కుస్తీ పట్టి నేర్చుకున్నది. ఆమెని చూపించి "గైడు అక్కర్లేదు" అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఆమె కథ నా వాదననే బలపరుస్తున్నట్టు ఉంది. తప్పు జవాబు ఎందుకు తప్పో ఆమెకి స్విచ్‌లే చెప్పాయి. ఆ అనుభవం లేనివాళ్లకి ఎవరో ఒకరు చెప్పాలిగా?

వీడియోల గురించి నాకు ఇప్పటికీ ఒక నిర్ణయం లేదు. స్విచ్‌ల మధ్య లూప్ రాకుండా ఆపే స్పానింగ్ ట్రీలో ఏ పోర్టు ఎందుకు బ్లాక్ అయిందో కాగితం మీద రెండు పేజీలు చదివినా ఎక్కని మనిషికి, బొమ్మ కదిలించి చూపిస్తే నిమిషంలో ఎక్కడం చూశాను. కానీ వీడియో మనకోసం ఆగదు. ఆపుకోవచ్చు అంటారు గానీ ఎవరూ ఆపరు. తల ఊపుతూ చూసేస్తాం. మాస్టారు లెక్క చేస్తుంటే మనకే వచ్చినట్టుంటుంది, పెన్ను మన చేతికిస్తే గానీ అసలు సంగతి తెలియదు. వీడియో చూసేవాళ్లు కనీసం ప్రశ్నలూ వివరణలూ వేరే చోట వెతుక్కోవాలి.

పనిలో పనిగా ప్రాక్టీస్ టెస్టుల మాట. "మా టెస్టులో 85 శాతం వస్తే పాసైనట్టే" అని కొన్ని గైడ్లు హామీ ఇస్తుంటాయి. సిస్కో తన పరీక్షల పాస్ మార్కు ప్రకటించదు. ఇంకో సర్టిఫికెట్ సంస్థ కాంప్‌టియా ప్రకటిస్తుంది, దాని నెట్‌వర్క్ ప్లస్ పరీక్షకి 720. కానీ ఆ కొలబద్ద 100 నుంచి 900 దాకా ఉండేది, 720ని 900తో భాగించి 80 శాతం అనుకోవడానికి లేదు. మరి ఈ 85 ఎక్కడ పుట్టిందో అచ్చేసినవాళ్లకే తెలియాలి. నేను చూసేది ఇంకోటి. సీసీఎన్‌ఏలో ఒకసారి ముందుకు వెళ్తే వెనక్కి వచ్చి జవాబు మార్చుకునే వీలు లేదు. నెట్‌వర్క్ ప్లస్‌లో ఉంది. సీసీఎన్‌ఏ కోసం అమ్మే టెస్టులో "తర్వాత చూద్దాం" అని గుర్తు పెట్టుకునే బటన్ ఉంటే, దాన్ని తయారుచేసినవాళ్లు అసలు పరీక్ష వైపు సరిగా చూడలేదేమోనని అనుమానిస్తాను.

ఆ పీడీఎఫ్

ఇక బట్టీ కొట్టమన్న పీడీఎఫ్. అది డంప్. పరీక్షలో వచ్చిన ప్రశ్నలని ఎవరో గుర్తుపెట్టుకుని బయటకి తెచ్చారు. పరీక్ష మొదలయ్యే ముందు ప్రశ్నలు బయటపెట్టనని అందరూ ఒప్పందానికి అంగీకరిస్తారు. అది మీరితే ఫలితం రద్దు చేయొచ్చు, మళ్లీ రాయకుండా ఆపొచ్చు. నీతి మాట అందరికీ తెలిసిందే, దాని మీద ఉపన్యాసం ఇవ్వను. నా అభ్యంతరం చదువు వైపు నుంచి. ప్రశ్న, సరైన జవాబు, అంతే ఉంటుంది డంపులో. మిగతా మూడు ఆప్షన్లు ఉన్నా లేనట్టే. పైగా ఆ "సరైన" జవాబుని గుర్తించింది కూడా ఎవరో పేరు తెలియని మనిషి. తప్పుడు జవాబుల్ని జనం వరస తప్పకుండా బట్టీ పట్టడం చూస్తుంటే జాలేస్తుంది.

ఇంటర్వ్యూలు చేసేటప్పుడు ఇది తేలిగ్గా దొరికిపోతుంది. ఒక అబ్బాయిని ఐపీ అడ్రస్‌లు వాటంతటవే పంచే డీహెచ్‌సీపీ గురించి అడిగాను. క్లయింట్లు ఒక నెట్‌వర్క్‌లో, సర్వర్ ఇంకో నెట్‌వర్క్‌లో ఉంటే హెల్పర్ అడ్రస్ (క్లయింట్ అభ్యర్థనని సర్వర్‌కి చేరవేయమని రూటర్‌కి చెప్పేది) రూటర్‌లో ఏ ఇంటర్ఫేస్ మీద పెట్టాలి అని. "క్లయింట్ వైపు ఇంటర్ఫేస్ మీద" అన్నాడు వెంటనే, సరిగ్గా. సర్వర్ వైపు పెడితే ఏమవుతుంది అని అడిగాను. మౌనం. క్లయింట్ అరిచే బ్రాడ్‌కాస్ట్ రూటర్ దాటదు, ఆ అరుపు వినపడేది క్లయింట్ వైపున్న ఇంటర్ఫేస్‌కే, అందుకే ఆ అడ్రస్ అక్కడే ఉండాలి. ఈ ఒక్క కారణం తెలిస్తే జవాబుని గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండేది కాదు. ఆ అబ్బాయి తెలివి తక్కువవాడేం కాదు, చదివిన పుస్తకం రెండో ప్రశ్న ఎప్పుడూ వేయలేదు.

రెండో గైడు ఎప్పుడు

ఒకే విషయం మీద మూడు నాలుగు పుస్తకాలు కొనిపెట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను. మూడింటిలోనూ మొదటి అధ్యాయాలు నలిగి ఉంటాయి, నెట్‌వర్క్ పనిని విడగొట్టి చూపే ఓఎస్‌ఐ పొరలు ఏడూ మూడు రకాలుగా వచ్చుంటాయి. చివరి అధ్యాయాలు మాత్రం కొత్తగా మెరుస్తుంటాయి. ఒక గైడు తీసుకుని చివరిదాకా వెళ్లడమే మేలు. ఏదైనా ఒక అంశం ఎంతకీ కొరుకుడు పడకపోతే ఆ అధ్యాయం వరకూ ఇంకొకరి వివరణ చదవచ్చు. ఐపీవీ6 అడ్రస్‌ల రకాలు చాలామందికి అలాంటి చోటు. ఒకే సంగతిని ఇద్దరు చెబితే ఎక్కడో ఒకచోట చిక్కుముడి విడుతుంది. దానికి మొత్తం పుస్తకం కొననక్కర్లేదు.

ఎంత మంచి గైడు అయినా అన్ని తప్పు జవాబులకీ వివరణ ఇవ్వలేదు. అక్కడ ల్యాబ్ రావాలి. కంప్యూటర్లోనే నెట్‌వర్క్ కట్టి చూసే ప్యాకెట్ ట్రేసర్ ఉచితమే, జీఎన్ఎస్3 కూడా. గైడులో చెప్పిన ల్యాబ్‌ని చెప్పినట్టే చేసి, పింగ్ (అవతలి పరికరం అందుతోందా అని చూసే పరీక్ష) వెళ్లగానే సంతోషపడి మూసేయడం అందరూ చేసేదే. పింగ్ వెళ్లాక అసలు పని మొదలెట్టమంటాను. ఒక వైపు ఓఎస్‌పీఎఫ్ హలో టైమర్ మార్చండి. ఈథర్నెట్ మీద డిఫాల్ట్‌గా 10 సెకన్లు ఉంటుంది, దాన్ని 5 చేయండి. పొరుగువాడు మాయమవుతాడు. షో ఐపీ ఓఎస్‌పీఎఫ్ నైబర్ అని కొట్టి ఖాళీ తెరని చూడండి. మళ్లీ సరిచేయండి. ట్రంక్ (చాలా వీలాన్‌లని మోసే లింకు) రెండు చివర్లా నేటివ్ వీలాన్ (ట్యాగు లేకుండా వెళ్లేది) వేర్వేరుగా పెట్టండి, స్విచ్ ఏమని గొణుగుతుందో చదవండి. గైడు రాసినాయన వదిలేసిన తప్పు ఆప్షన్ల వివరణ మీరే రాసుకుంటున్నట్టు.

ఒక్కోసారి గైడు ఒకటి చెబుతుంది, ల్యాబ్‌లో ఇంకోటి కనిపిస్తుంది. కొత్తవాళ్లు అప్పుడు తమనే అనుమానించుకుంటారు. అక్కర్లేదు. ప్యాకెట్ ట్రేసర్ అసలు రూటర్ కాదు, అనుకరణ. కొన్ని కమాండ్లు అందులో ఉండవు. కాబట్టి దాన్నొకసారి అనుమానించండి. గైడులో అచ్చుతప్పు కూడా అయ్యుండొచ్చు. పేరున్న ప్రచురణకర్తలు తప్పొప్పుల పట్టికని వెబ్‌సైట్‌లో పెడతారు, కొనే ముందు అలాంటి పేజీ ఉందో లేదో చూడండి. తప్పులే లేవని మురిసిపోయే గైడు కంటే, రెండు పేజీల సవరణలున్న గైడునే నేను ఎక్కువ నమ్ముతాను. అక్కడా తేలకపోతే ఆర్‌ఎఫ్‌సీ ఉంది. ఓఎస్‌పీఎఫ్ రెండో వెర్షన్‌కి 2328, డీహెచ్‌సీపీకి 2131, ప్రైవేట్ (సొంత నెట్‌వర్క్ లోపలే వాడే) అడ్రస్‌లకి 1918. అవి ఎవరైనా ఉచితంగా చదవచ్చు. మొత్తం చదవాలంటే ఓపిక కావాలి గానీ, వాటిలో ఒక అనుమానం తీర్చుకోవడానికి పది నిమిషాలు చాలు. 172.20.0.1 ప్రైవేటా కాదా అని మీ గైడూ మీ స్నేహితుడూ చెరోమాట చెబితే, 1918లో 172.16.0.0 నుంచి 172.31.255.255 దాకా అని స్పష్టంగా రాసి ఉంటుంది.